పిల్లి నోట రాని మాట

ఇసుకలో ఎండబెట్టిన నెత్తళ్ల చేపలకు మూడో తరగతి చదివే మనవరాలు హేమను కాపలా పెట్టి, పైన కప్పడానికి పాత వల తెస్తానని కూర్మమ్మ వెళ్లింది. తిరిగొచ్చేసరికి కాపలా మనిషి తల ఇంగ్లీషు పుస్తకంలో ఉంది.

"మామ్మా, ఇంగ్లీషులో పిల్లికి ఆకలేస్తే మ్యావ్ అంటాది. నిమిరితే పర్ర్ అంటాది. కోపమొస్తే హిస్స్!"

"మరి సేపలు దొంగిలించినప్పుడు ఏటంటాదే?"

హేమ పేజీలన్నీ తిరగేసింది. "ఇందులో నేదు మామ్మా."

"ఎలాగుంటాది? అప్పుడది ఏటీ అనదు. అటు సూడు."

నెత్తళ్ల మధ్య చేటంత మేర ఇసుక బయటపడింది. పిల్లి అడుగులు పడవ చాటుకు పోయాయి.

"నాకేటీ వినబడనేదు మామ్మా!"

"నిన్న డబ్బాలో బెల్లం పోయినప్పుడు నాకూ ఏటీ వినబడనేదే."