సొరకాయ పాప తండ్రి ఎవరు?

చక్రధర్ సింగపూర్‌లోని వన్-నార్త్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ప్రాజెక్ట్ మేనేజరు. పన్నెండు మందిని, మూడు దేశాల క్లయింట్లను ఒంటిచేత్తో నడిపిస్తున్నవాడు. అలాంటివాడికి రెండున్నరేళ్ల కూతురు నందును వెంటబెట్టుకుని సామాన్లు తేవడం ఒక లెక్కా?

"వారం వారం నీకు అంతసేపు ఎందుకు పడుతుందో నాకర్థం కాదు సత్యా. ప్లానింగ్ ఉండాలి," అన్నాడు భార్యతో శనివారం పొద్దున్న.

వారమంతా బ్యాంకు ఉద్యోగంతో నలిగిపోయిన సత్యవాణి వాదించలేదు. పాప చెయ్యి ఆయన చేతిలో పెట్టి, "వెళ్లిరండి," అని మళ్లీ పడుకుంది.

సెరంగూన్‌లో ఇంటి దగ్గరి మాల్ కింది అంతస్తులోనే సూపర్‌మార్కెట్. నందు ట్రాలీలో కూర్చోనంది. కూర్చోబెడితే నిటారుగా నిలబడింది. దింపితే ఉల్లిపాయల గంపలో చేతులు పెట్టింది. డేకేర్‌లో నేర్చిన, ప్రతి మాట చివరా 'లా' తగిలించే సింగపూర్ భాషంతా తండ్రి మీదే ప్రయోగించింది.

"రా అమ్మా, పెరుగు తీసుకుందాం."

"వద్దు లా!"

"పోనీ బిస్కెట్లు?"

"నో లా!"

చివరికి ఒక లేత సొరకాయను చంకనెత్తుకుని, "పాప జోజో," అంటూ జోకొట్టడం మొదలుపెట్టింది. అమ్మయ్య అనుకున్నాడు చక్రధర్. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోను. కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ తన్నేసిందట. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ట్రాలీ తోసుకుంటూ, అవతలి కుర్రాడికి క్లాసు పీకసాగాడు.

"ఒక్క పని అప్పజెప్తే దాని మీద కన్నేసి ఉంచొద్దా?" అంటున్నాడు. ఈలోగా మైకులో ఇంగ్లీషు ప్రకటన వచ్చింది. ఆకుపచ్చ గౌను వేసుకున్న పాప ఒకతె కస్టమర్ కౌంటర్ దగ్గరుంది. పేరడిగితే 'నో' అంటోంది. చేతిలో సొరకాయ ఉంది.

ఎవడో బొత్తిగా బాధ్యత లేని తండ్రి, అనుకున్నాడు చక్రధర్. రెండడుగులు వేశాడు. ఆగాడు. కిందికి చూశాడు. పక్కన పాప లేదు.

ఫోను జేబులో కుక్కి, ట్రాలీ అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

కౌంటర్ దగ్గర నందు ఒక చైనీస్ మామ్మ ఒళ్లో దర్జాగా కూర్చుని ఉంది. తన ట్రాలీ పట్టుకుని వెంట నడిచొచ్చిన పిల్లను ఇక్కడికి తెచ్చింది ఆవిడే. కౌంటర్‌లోని మలయ్ అమ్మాయి చక్రధర్‌ని ఎగాదిగా చూసి, పాప వైపు వంగింది.

"ఈయన మీ డాడీయేనా?"

"నో లా," అంది నందు.

"మరి ఎవరు?"

"అంకుల్!"

మామ్మ పిల్లను మరింత గట్టిగా పొదువుకుంది. చక్రధర్ కంగారుగా పర్సులోంచి ఫొటో తీసి చూపించాడు. అందులో సత్యవాణి, ఆమె చేతుల్లో బోడిగుండుతో ఒక పసిబిడ్డ.

"ఇందులో మీరు లేరే?" అంది ఆ అమ్మాయి.

"ఫొటో తీసింది నేనే కదండీ!"

ఆ జవాబు తన చెవికే అతకలేదు. సత్యవాణికి ఫోను చేస్తే క్షణంలో తేలిపోతుంది. కానీ ఏ మొహం పెట్టుకుని చేస్తాడు? చుట్టూ చూశాడు. పదిమంది గుమిగూడారు. అందులో లుంగీ కట్టిన పెద్దాయన ఒకరు జాలిగా తలాడిస్తున్నారు.

ఇక సిగ్గు విడిచేశాడు. ఆ గచ్చు మీదే మోకాళ్లూ చేతులూ ఆనించాడు. ఒక చెయ్యి ముక్కు ముందు తొండంలా ఊపుతూ, రోజూ పొద్దున్నే పాలు తాగించడానికి ఇంట్లో చేసే ఘీంకారం గట్టిగా చేశాడు.

నందు ముఖం వెలిగిపోయింది. మామ్మ ఒళ్లోంచి జారి, సొరకాయతో సహా వచ్చి వీపెక్కింది. "నాన్న ఏనుగు! హై హై!"

మామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మలయ్ అమ్మాయి రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటూ, "ఓకే, మీరే డాడీ," అంది.

మిగతా సామాన్ల మాటే మరిచి, ఒక్క సొరకాయ కొనుక్కుని ఇల్లు చేరాడు. సత్యవాణి సంచిలోకి చూసింది. మొగుడి ప్యాంటుకు మోకాళ్ల దగ్గర అంటిన మట్టిని చూసింది.

దాచి లాభం లేదనుకుని చక్రధర్ మొత్తం చెప్పేశాడు. 'అంకుల్' దగ్గరకొచ్చేసరికి సోఫాలో కూలబడ్డాడు. "నిజంగానే భయం వేసింది సత్యా. కనబడనప్పుడు కాదు, నన్నెరగనట్టు చూసినప్పుడు."

సత్యవాణి ఎగతాళి చేస్తుందనుకున్నాడు. ఆమె సోఫాలో పక్కకొచ్చి కూర్చుంది.

"పోయిన నెల క్లినిక్‌లో, నీతో ఎవరొచ్చారని నర్సు అడిగితే నందు నన్ను చూపించి 'ఆంటీ' అంది. మీరు నవ్వుతారని చెప్పలేదు."

చక్రధర్ ఆమెను తేరిపార చూశాడు. నవ్వాపుకోవాలని గట్టిగానే ప్రయత్నించాడు, వల్ల కాలేదు.

"కాఫీ ఇప్పిస్తారా ఆంటీ?"

"మీరు కూర్చోండి అంకుల్, తెస్తా," అంటూ సత్యవాణి లేచింది.