పంపుకి పెళ్లిచూపులు

"ఇంట్లో ఒక పంపు ఉండగా ఇంకోటెందుకు బావా?" అని త్రినాధరావు నలుగురిలో అన్నప్పుడు, నూకరత్నం పకోడీల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. అన్నది స్నేహితుడు బాబ్జితో. చెయ్యి చూపించింది మాత్రం భార్య వైపు.

ఆ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం సగం హాలు మింగేసింది. సోఫా వరండాలో కాపురం పెట్టుకుంది. చేపలు నాలుగే, మిగతావన్నీ పగడాలు. అవి పెరగాలంటే రోజూ నీళ్లలో కాస్త కాల్షియం ద్రావణం, కాస్త సోడా ద్రావణం పడాలి. డోసింగ్ పంపు అనే చిన్న మిషను ఉంటే, వేళకి చుక్క తేడా లేకుండా అదే పోసుకుంటుంది. లేని ఇంట్లో నూకరత్నం పోస్తుంది. సూది తీసేసిన సిరంజితో ముందు కాల్షియం, అరగంట ఆగి సోడా; రెండూ ఒక్కసారి కలవకూడదు. త్రినాధరావు అచ్యుతాపురం మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే పొద్దుపోయాకే దిగడం. పగడాల గురించి మాట్లాడటం ఆయన వంతు, వాటికి పొయ్యడం ఆవిడ వంతు.

నాతవరం దగ్గర ఆవిడ పుట్టినూళ్లో ఏటా గైరమ్మ సంబరం, అంటే గౌరమ్మ పండగ, చేస్తారు. మట్టి గైరమ్మను నిలబెట్టి, కొలిచి, ఊరేగించి సాగనంపుతారు. కిందటేడు బయల్దేరబోతే, "నువ్వెళ్లిపోతే పగడాలేటైపోతాయి?" అన్నాడు మొగుడు. వెళ్లకపోతే ఆవిడేమైపోతుందన్నది ఆ లెక్కలోకి రాలేదు. చెల్లెలు దివ్య ఫోను పైకెత్తి డప్పులు వినిపిస్తుంటే, ఈవిడ ఇక్కడ సిరంజి కడుక్కుంది. ఈ ఏడాదైనా వెళ్దామని పంపు కొనమంది. దానికి దక్కిన జవాబే పైన చెప్పింది.

అందరూ నవ్వారు. బాబ్జికి పకోడీ పొలమారింది. నూకరత్నం మంచినీళ్లు తెచ్చిచ్చి, తనూ నవ్వింది. కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన మనిషి. ఏది వెంటనే వాడాలో, ఏది మూతపెట్టి దాచాలో ఆవిడకు తెలుసు.

మర్నాటి నుంచి ఆవిడ పంపైపోయింది.

"రత్నం, ఇంకొంచెం కాఫీ."

"ఎన్ని మిల్లీలీటర్లండీ?"

త్రినాధరావు పకపకా నవ్వాడు. రాత్రి భోజనంలో ఒక్క గరిటె పులుసు వేసి, గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడేసరికి ఆ నవ్వు సగమైంది.

"వెయ్యీ, ఇంకాస్త."

"కాస్తంటే పంపుకెలగ తెలుత్తాదండీ? అంకె చెప్పండి."

ఆదివారం బాబ్జి ఇంకో ఇద్దరిని వెంటేసుకుని పగడాలు చూడటానికి వచ్చాడు. ముగ్గురూ త్రినాధరావు ల్యాబువాళ్లే. ఆయన టేంకు ముందు నిలబడి సముద్రం పుట్టినప్పటి నుంచీ అందుకున్నాడు. చెప్పి చెప్పి, "ఇప్పుడు డోసింగ్ చూద్దురు గాని. రత్నం, ఆ రెండు సీసాలూ తెచ్చి పోసీ," అన్నాడు.

"రెండూనా అండీ?"

"రెండూనే."

"ఒకేసారా?"

"అబ్బా, అందరూ కాసుక్కూచున్నారు, పోసీమంటన్నాను కదా!"

తప్పించుకోడానికి రెండు దారులు చూపించింది. ఆయన రెండూ మూసేసుకున్నాడు. ఆవిడ ఆ రెండూ చెరో సిరంజిలోకి తీసి, పక్కపక్కనే పెట్టి వత్తింది.

నీళ్లలో ముగ్గుపిండి విదిలించినట్టు తెల్లగా లేచింది. చేపలు నాలుగూ రాళ్ల వెనక దూరాయి. పుట్టిన సముద్రం ఎటు పోయిందో కనపడలేదు.

"ఇదేటి బావా, టేంకులో సున్నం కలిపేవు!" అన్నాడు బాబ్జి. "ల్యాబులో మాలో ఎవడైనా ఇలగ కలిపితే మెమో ఇచ్చీసుందువు!"

"రెండూ ఒక్కసారి పోసీడమేటి రత్నం?" త్రినాధరావు గొంతు కీచుమంది.

"మీరెలా సెట్ చేస్తే అలాగే పోసేనండీ. పంపుని కదా."

ఈసారి నవ్వు ఆయన్ని వదిలేసి మిగతా అందరికీ వచ్చింది. నూకరత్నం పకోడీల కోసం వంటింట్లోకి వెళ్లింది. సాయంత్రానికి నీళ్లు తేటపడ్డాయి, పగడాలకి ఏమీ కాలేదు. ఏమీ కాకుండా ఎంత పొయ్యాలో ఆవిడ ముందే చూసుకుంది. వాటి మీద ఆవిడకి కోపం లేదు.

మర్నాడు రాత్రి త్రినాధరావు ఫోను పట్టుకొచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఎవరికో సంబంధాలు చూస్తున్నట్టు పంపుల ఫొటోలు చూపించాడు.

"ఇది చవక."

"మోటారు వేడెక్కిపోద్దని కొన్నోళ్లే రాసేరు. ఓ రోజు ఎక్కువ పోసి, ఓ రోజు అలిగి కూచుంటాదట. ఇంట్లో అలాంటోళ్లు ఒకరున్నారు, చాలు."

"పోనీ ఇది? ఫోనుకి కలుపుకోవచ్చు. ఆఫీసు నుంచే చూసుకుంటాను."

నూకరత్నం దాన్ని చాలాసేపు చూసింది. నిజంగానే బాగుంది. "వద్దండీ. దానికేదైనా ఐతే మీకు చెప్తాది, మీరు నాకు ఫోన్ చేస్తారు. నాకిక్కడి నుంచి కదలడానికుండదు."

మూడోది రెండు గొట్టాల పంపు. మంచి మోటారు, ఫోనుతో పని లేదు. సీసాలు నింపడం, కొలత సరిచూడడం మనిషే చెయ్యాలి.

"ఇదే కుదిర్చండి. ఇంట్లో మీరుంటారు కదా."

"మరి నువ్వో?"

"గైరమ్మ దగ్గరుంటాను. మీరు సెలవు పెట్టుకోండి."

పంపు వచ్చిన రోజున త్రినాధరావు మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం కింద కొలజాడీ పట్టి కొలత చూశాడు. ఆవిడ కుర్చీలో కాఫీ తాగుతూ, "మళ్లీ చూడండి. మీ ల్యాబులో ఒక్కసారికే సంతకం పెట్టీస్తారా?" అంది. ఆయన మళ్లీ చూశాడు. ఇంకోసారి కూడా చూశాడు. రెండు గొట్టాల మధ్య అరగంట ఎడం కూడా, ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నాడు.

సంబరంలో అక్కచెల్లెళ్లిద్దరూ బెల్లం జీళ్లు నములుతూ ఊరేగింపు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. త్రినాధరావు పగడం ఫొటో పంపాడు. "రంగు తగ్గిందా? భయంగా ఉంది. వెంటనే చెప్పు."

నూకరత్నం ఫొటోను పెద్దది చేసి, ఆ మూలా ఈ మూలా చూసింది. పగడం నిక్షేపంలా ఉంది.

"బావేటంటన్నాడే?" అంది దివ్య.

"ఏం లేదు," అని ఫోను బ్యాగులో పడేసి, ఇంకో జీడి నోట్లో వేసుకుంది. రేపు చెప్పొచ్చు.