అట్ట మీది తెల్లని చీలిక

"మా విజయలక్ష్మి రేపర్లు అంటించేది. ఆమె లేకుంటె పత్రిక పోస్టుల పడేదే కాదు" అని ముందు గదిలో మా ఆయన మదన్‌మోహన్ చెబుతుండగా నేను వంటింట్లో చాయ్ వడకడుతున్నాను. ప్రశంసలా వినిపించే ఇటువంటి వాక్యాలను ఖండించడం కష్టం. వాటిలో అబద్ధం ఉండదు, నిజమూ తగినంత ఉండదు.

వచ్చిన అమ్మాయి స్నిగ్ధ హైదరాబాద్‌లో డిజైన్ చదువుతోంది. నలభై ఏళ్ల కిందట జహీరాబాద్ నుంచి మేము నడిపిన హేతువాద మాసపత్రిక 'నిరూపణ' అట్టలను ప్రదర్శనకు పెడుతోంది. అందులో ప్రతి అట్ట కింద గీసినవారి పేరు ఉంటుంది. మా అట్టలంటే రెండే రంగులు, ఒక ఆకారం, చాలా ఖాళీ. వందేళ్ల కిందటి ఐరోపా పత్రికల పద్ధతి. బీఎడ్ రోజుల్లో గ్రంథాలయంలోని పాత సంపుటాలు చూసి దాన్ని నేర్చుకున్నదీ, ఈ అట్టలు గీసిందీ నేను. సంపాదకుడి భార్య బొమ్మలేస్తే పత్రిక చులకనవుతుందని ఆయన తన పేరే వేసుకున్నారు. ఆధారం లేనిదే దేన్నీ నమ్మవద్దని నెలనెలా వ్యాసాలు రాసిన నేను, లెక్కల టీచరుగా పదవీ విరమణ చేశాక కూడా, ఆ పేరును అలాగే ఉండనిచ్చాను. అది సహనం కాదు, పిరికితనం.

"సార్, ఈ ఎర్ర వృత్తం ఒక పక్క చదునుగా ఎందుకుంది?" స్నిగ్ధ గొంతు.

"సత్యం ఎన్నడు పూర్తిగ దొరకదు బిడ్డా. గది చెప్పనీకే గట్ల గీసిన."

కప్పులతో పాటు పాలగిన్నె మూత కూడా పట్టుకువెళ్లాను. పెళ్లైన కొత్తలో కిందపడి అంచు అణిగిన మూత. "అచ్చులో కుడి ఎడమవుతుంది, తిరగేసి పెట్టాలి" అంటూ అట్ట మీద ఉంచాను. అంచుకు అంచు సరిపోయింది. "పాలు కాచి, దీన్ని కడిగి, చుట్టూ పెన్సిల్ తిప్పాను. సత్యం సంగతి ఆలోచించలేదు."

"ఇన్నేండ్ల సంది నోరు తెరవకపోతివి. ఇప్పుడు పిల్ల ముంగట ఏం లొల్లి ఇది, విజయా?" అన్నారాయన, చాయ్ వైపు చూస్తూ.

స్నిగ్ధ తన జాబితాలో ఆయన పేరు కొట్టివేసి నా పేరు రాసింది. తర్వాత వృత్తాన్ని ఏటవాలుగా చీల్చిన సన్నని తెల్లగీత మీద వేలు పెట్టింది. "మేడం, అట్టకు ప్రాణమంతా ఇక్కడే ఉంది. ఇది కూడా మీ ఆలోచనేనా?"

"అవును" అన్నాను.

ఆ మాట చాలా సులువుగా వచ్చేసింది. ఆ గీత, ప్రెస్సులో ట్రెడిల్ మిషను తొక్కే మహాదేవమ్మది. నా బొమ్మలను అచ్చు కోసం లినోలియం ముక్క మీద కత్తితో చెక్కేది ఆమే; చెక్కిన చోట రంగు అంటదు. ఈ అట్ట చెక్కిన రోజు నన్నడక్కుండా వృత్తం నడుమ గాటు పెట్టింది. ముక్క పాడుచేశావని అందరి ముందూ కసిరాను. "ఉత్త ఎర్రగ ముద్ద లెక్క ఉండె అమ్మా, జర గాలాడాలె గదా" అంది. మరో ముక్క లేక అలాగే అచ్చువేశాం. పాఠకుల ఉత్తరాలన్నీ ఆ గీతనే మెచ్చుకున్నాయి. వాటిని ఆమెకు చదివి వినిపించలేదు. ఆమెకు చదువు రాదని నాకు తెలుసు.

ఆయన నన్నే చూస్తున్నారు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. ఇన్నాళ్లూ నేను ఊరుకున్నట్టే ఇప్పుడు ఆయన ఊరుకున్నారు.

"అబద్ధం చెప్పాను స్నిగ్ధా, ఆ గీత నాది కాదు. నా పేరుకు ముందు చోటు వదులు. చాయ్ తాగు, దాన్ని చెక్కినామె ఊరు మొగుడంపల్లి వెళ్దాం. ఆమె పేరు మహాదేవమ్మ. పదేళ్లు కలిసి పనిచేశాం, ఇంటిపేరు మాత్రం నేనెప్పుడూ అడగలేదు."