అమ్మకి గ్రేడు రాలేదు

అమ్మకి గ్రేడు రాకపోవడానికి సగం కారణం అమ్మ, సగం నేను.

ప్రభుత్వ ఆరోగ్య బీమా వాళ్లు ఇంటికొచ్చి చూసి, ముసలివాళ్లకి ఎంత సాయం కావాలో తేల్చి గ్రేడు ఇస్తారు. ఏ గ్రేడు ఉన్నా పగటి సంరక్షణ కేంద్రంలో చేర్చుకుంటారు. మా మొక్పో రేవు పట్నంలో దాన్ని 'ముసలి బడి' అంటారు. పొద్దున వ్యాను వస్తుంది, సాయంత్రం దింపుతుంది. ఆ మధ్యలో నేను చేపల బజారులో నా ఎండుచేపల కొట్టు తెరుచుకోవచ్చు. మూడు నెలలుగా అది మూసే ఉంది. ఇంకో నెల మూసి ఉంచితే బజారు సంఘం వేరేవాళ్లకి ఇచ్చేస్తానంది.

మొదటిసారి బీమా ఆఫీసు నుంచి ప్యో గారు వచ్చిన రోజు మా అమ్మ మాల్సున్‌ని చూడాలి! తల దువ్వుకుని, ఆకుపచ్చ జాకెట్టు తొడుక్కుని, ఆయనకి తొక్క తెగకుండా పియర్ పండు ఒలిచి పెట్టింది. ముందురోజు అదే చేత్తో తడిసిన లోబట్టల్ని కిమ్చీ పచ్చడి పెట్టే ఫ్రిజ్‌లో దాచింది.

"ఇవాళ తేదీ ఎంతండీ, అమ్మగారూ?" అని అడిగాడాయన.

"ఆఫీసులో కూర్చునే మీకే తెలీకపోతే, ఇంట్లో ఉండే నాకేం తెలుస్తుంది బాబూ!"

ఆయన పకపకా నవ్వాడు.

"వంటా అదీ ఎవరు చేస్తారు?"

"ఇంకెవరు? నేనే. ఈ యంగిమ్ ఉందే, దీనికి తినడమొక్కటే వచ్చు."

ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. అవును, ఊపాను! ఇంటికొచ్చిన మనిషి ముందు కన్నతల్లి మాట అబద్ధమని ఎలా అంటాను? నెల తిరక్కుండా కాగితం వచ్చింది. గ్రేడు లేదు.

బజారులో నా పక్క కొట్టు హ్వాసున్ వదిన కడుపుబ్బా నవ్వింది.

"మా అత్త బీమా ఆయన ముందు డాన్సు కూడా చేసిందే! అయినా గ్రేడొచ్చింది. ఎందుకో తెలుసా? నేను కోడల్ని. అన్నీ విప్పి చెప్పేశాను. కూతుళ్లున్నారే, పరువు పరువంటూ చస్తారు."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది కదా వదినా."

"పడనీ. మీ అమ్మ గ్యాసు వెలిగించి మర్చిపోయిందనుకో, అప్పుడేం పడుతుందో చూద్దువుగాని."

మళ్లీ దరఖాస్తు పెట్టాను. మళ్లీ ప్యో గారే వచ్చాడు. అమ్మ ఆయన్ని ఎప్పుడూ చూడనట్టు వంగి దణ్ణం పెట్టి, మళ్లీ పండూ కత్తీ తెచ్చుకుంది. నేను అన్నీ కాగితం మీద రాసి ఉంచాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఇది తర్వాత చదువుతాను. మీ నోటితో కూడా చెప్పండి" అన్నాడు.

అమ్మ ఎదురుగానే చెప్పాను. మాడిన గిన్నెలు. కిమ్చీ ఫ్రిజ్‌లో బట్టలు. ముప్పై ఏళ్ల కింద మానేసిన పనికని తెల్లారకముందే రేవుకి వెళ్లిపోతే పోలీసులు తీసుకురావడం. స్నానం చేయించబోతే నన్ను కొరకడం. చెబుతున్నంతసేపూ అమ్మ ముఖం చూడలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అమ్మ ఏడుస్తుందేమో, కత్తి విసురుతుందేమో అనుకున్నాను.

అమ్మ కత్తి కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"పాపం, వాళ్లమ్మకి ఎంత కష్టమొచ్చిందో విన్నారా బాబూ? ఆ ముసలావిడకి ఏదో ఒకటి చూడండి. నాకేం వద్దు, నేను బాగానే ఉన్నాను. ఈ పిల్లకి కంటినిండా నిద్ర కూడా ఉన్నట్టు లేదు."

ప్యో గారు పెన్ను ఆపాడు. "ఈవిడ మీకేమవుతారండీ?" అని మెల్లగా అడిగాడు.

అమ్మ నన్ను పరీక్షగా చూసింది.

"ఈ వీధిలో మనిషే అయ్యుండాలి. మా అమ్మాయి కొట్టుకి వెళ్లింది, సాయంత్రం వస్తుంది." తర్వాత ఆయన వైపు వంగి, నాకు వినపడదనుకుని గొంతు తగ్గించింది. "మంచిదే గానీ, కన్నతల్లి గురించి పరాయివాళ్ల ముందు ఇలా చెప్పొచ్చా? మా అమ్మాయైతే చచ్చినా చెప్పదు."

ప్యో గారు తలొంచుకుని అది కూడా రాసుకున్నాడు. నాలుగో గ్రేడు వచ్చింది.