మూడు దెబ్బల పాట

భూమేష్ బకెట్లో చొక్కా నానేసి సబ్బు రుద్దుతుంటే పక్కనే నిలబడి విద్యాసాగర్ చిటికెలు వేస్తున్నాడు. తెల్లారి లేస్తే ఇదే గోల. శుక్రవారం ఒక్కరోజు సెలవు, అదీ ప్రశాంతంగా బట్టలుతుక్కోనివ్వడు.

“మూడు దెబ్బలు కొట్టి ఆగిపో. నేను పాడను, నువ్వు కొట్టవు. అందరూ ఎదురుచూస్తారు,” అన్నాడు విద్యాసాగర్.

“ఎదురుచూసి లేసి పోతరన్నా. పోయినసారి గట్లనే పోయిండ్రు గదా!”

“పోనీరా. పాట అర్థం కాలేదని తర్వాత వాళ్ళే బాధపడతారు.”

భూమేష్ చొక్కాను కసిగా పిండాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పరంజాలు కట్టే పనికి గల్ఫుకు వచ్చినవాడు. స్టేడియానికి పునాదులు తవ్వే రోజుల్లో నట్లు తెచ్చుకోవడానికి స్టోరుకు వెళ్ళి, అక్కడ సామాను లెక్కలు రాసే ఈ మనిషికి చిక్కాడు. విద్యాసాగర్‌ది రాజోలు వైపు, చర్చి క్వయర్లో పాడిన గొంతు. ఆ గొంతుతో నాలుగు సినిమా పాటలు పాడితే అల్ వక్రా క్యాంపంతా నెత్తిన పెట్టుకునేది. ఊహూఁ, ఆయనకు ఇంగ్లీషు పాప్ కావాలి. అందులోనూ ప్రయోగాలు కావాలి. సైటులోని హెచ్చరిక బోర్డులే సాహిత్యం. ‘మైండ్ యువర్ హెడ్’ అని ఆయన రాగం తీస్తే, ఇంగ్లీషు ముక్క రాని భూమేష్ ఇనప పైపు మీద పానాతో దరువు వేయాలి. స్టేడియం గోడలు లేచాయి, పైకప్పు కూడా వేశారు. ఈ జంట మాత్రం చప్పట్లన్నవి ఎరగదు. ఓనం నాడు మలయాళీలు అరిచి దింపేశారు. కంపెనీ వార్షికోత్సవంలో మైకే ఆపేశారు. ప్రతిసారీ “ఇగ నేను రాను పో” అనడం, మళ్ళీ పానా పట్టుకుని వెళ్ళడం.

వెళ్ళక ఏం చేస్తాడు? నాన్న పోయిన కబురొచ్చి, ఊరికి పోలేక గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, పక్కన కూర్చుని గొంతు తగ్గించి పాడింది ఈ మనిషే. అప్పుడూ బోర్డుల పాటే.

ఈసారి సంగతి వేరు. స్టోరు మూసేశారు, విద్యాసాగర్‌కు సాయంత్రమే విమానం. ఇవాళ్టి పోటీలో ఎంపికైన బృందాలు, కార్మికులు పెద్ద తెర మీద మ్యాచ్‌లు చూసే ఫ్యాన్ జోన్‌లో పాడతాయి, వాళ్ళను ప్రపంచ కప్ అయ్యేదాకా ఇక్కడే ఉంచుతారు.

“అన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్కపారి మంచి పాట పాడు.”

“ఇదే మంచి పాట.”

మధ్యాహ్నం క్యాంపు ఆవరణలో వేదిక కట్టారు. దాని మీద కుర్చీల్లో మేనేజర్లు, వాళ్ళ నెత్తిమీద ఫుట్‌బాల్ బొమ్మతో పెద్ద గుడ్డ బ్యానరు. గాలికి నిలవడం లేదని గులాం నబీ పరంజా ఎక్కి దాని తాడు పట్టుకుని కూర్చున్నాడు. భూమేష్ ముఠాలోని వాడే. విద్యాసాగర్ కళ్ళు మూసుకుని ‘వెట్ సిమెంట్’ అందుకున్నాడు. చెయ్యెత్తాడు. భూమేష్ పైపు మీద మూడు దెబ్బలు కొట్టి ఆగాడు.

సైటు మోతలో కేకలు వినపడవు. అందుకని మూడు దెబ్బలంటే పైవాడు తాడు వదలాలి. ముఠాకు ఆ పాఠం నేర్పింది భూమేషే. గులాం నబీ బుద్ధిగా వదిలేశాడు.

బ్యానరు భుస్సున జారి, మేనేజర్లనూ గాయకులనూ కలిపి కప్పేసింది. క్యాంపంతా లేచి నిలబడి ఈలలు, చప్పట్లు!

“విన్నావా భూమేషూ? ఆగమన్నానా, ఆగితే ఎలా ఉందో చూశావా!” గుడ్డ కిందినుంచే అన్నాడు విద్యాసాగర్.

చప్పట్లు గందుకు కాదే అన్నా, అనబోయాడు భూమేష్. గుడ్డ సందులోంచి పడ్డ వెలుగులో, సంబరంతో మెరిసిపోతున్న ఆ మొహం చూసి మాట మింగేశాడు.

జుట్టు సర్దుకుంటూ లేచిన మేనేజరు ఈ ఇద్దరూ వద్దే వద్దన్నాడు.

భూమేష్‌కు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. ఎవరికీ మొహం చూపించకుండా ఎక్కి పరంజా విప్పుతున్నాడు. విమానాశ్రయం బస్సు హారను కొట్టింది. గబగబా దిగేసరికి బస్సు గేటు దాటింది. పోయేముందు ఒక్క మాట చెప్పొద్దా? ఏం మనిషో!

గదిలో విద్యాసాగర్ మంచం మీద పరుపు చుట్టి ఉంది.

“ఫ్యాన్ జోన్ల ఇద్దరు ఒక్కతీరు కనపడాలని రెండు కొన్నడట. ఒకటి ఏసుకొని పోయిండు,” అన్నాడు గదిలో ఉండే రాజేందర్.

భూమేష్ దిండు మీద ఎర్ర టై ఉంది, కట్టుకోవడం రానివాడు తలలోంచి వేసుకుంటే చాలనేటట్టు, ముడి వేసి.