పద్నాలుగో నంబరు

మీటింగ్ అయిపోయాక ఇరవై రెండు టీ కప్పులు కడిగింది మా విద్యార్థి సంఘం అధ్యక్షురాలు. అంటే నేనే. ప్రజారోగ్య విభాగంలో పీజీ రెండో ఏడాది, ముప్ఫై నాలుగేళ్ళ వయసు, ఒక కూతురు, సగంలో ఆగిన థీసిస్. మా ఉపాధ్యక్షుడు, పళ్ళ డాక్టరీ చదివి మా పీజీలో చేరినవాడు, అందరికీ పళ్ళ డాక్టరే, పరిశుభ్రత గురించి అరగంట అద్భుతంగా మాట్లాడి, తాను తాగిన కప్పు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. అందులో ఎండిపోయిన మరకను గోటితో గీకుతుంటే గైడు మేడం అటుగా వచ్చారు. “నెలాఖరుకి నాలుగో అధ్యాయం నా టేబుల్ మీద లేకపోతే ఇంకో ఏడాది ఆగాల్సిందేనమ్మా. నా చేతుల్లో ఏం లేదు” అన్నారు. కోపంగా కూడా అనలేదు. అందుకే భయమేసింది.

ఇంకో ఏడాదంటే నా చదువు అటకెక్కినట్టే. చేరిన రోజునే మా ఆయన “రెండేళ్ళు. అంతకు ఒక్కరోజు ఎక్కువైనా నావల్ల కాదు” అన్నాడు, ఆ రెండేళ్ళూ నన్ను తనే వీపు మీద మోయబోతున్నట్టు. అధ్యక్షురాలినయ్యానని చెబితే “ఇంట్లో ఒక పిల్ల చాలకనా, అక్కడ ముప్ఫై మందిని పెంచుతున్నావు?” అన్నాడు. మా అత్తయ్య ఇంకా సూటి మనిషి. “చదువుకోవడానికి వెళ్తున్నావా, చాకిరీ చేయడానికి వెళ్తున్నావా?” అని అడిగింది. ఆ మాటకు వారం రోజులు కుమిలిపోయాను, నిజం కాబట్టి.

కానీ ఆ సంఘం నేను సరదాకి మొదలుపెట్టింది కాదు. మేం చేరిన కొత్తలో మా క్లాసులో అందరికంటే చిన్నదానికి హాస్టల్లో నాలుగు రోజులు జ్వరం. ఊరూరి జ్వరాల లెక్కలు కట్టే మాకు పక్కగదిలో జ్వరం తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అందరి ఫోన్ నంబర్లూ రాయించి గోడకు అంటించాను. ప్రతి జూనియర్‌కీ ఒక సీనియర్‌ని జత చేశాను. గురువారం అందరూ ఒకేచోట కూర్చుని తినాలన్నాను. తిన్నారు, మాట్లాడుకున్నారు, నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆ తర్వాత ప్రొజెక్టర్ గది తాళం, ఫారాల గడువు, గది ఖాళీ చేయమన్న ఇంటావిడ, విడిపోయిన జంట, అన్నిటికీ ఒకటే మందు: “అక్కకి చెప్పు”. అబద్ధమెందుకు, నాకూ బాగుండేది. ఇంట్లో సాక్సులు వెతికిపెడితే “ఇవి కాదు” అంటారు. ఇక్కడ తాళం వెతికిపెడితే “నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం అక్కా” అంటారు. చాకిరీ అదే. పైన కాస్త తేనె రాశారు, నేను నాకేశాను.

బుధవారం ప్రాక్టికల్‌లో, రోగం మనిషి నుంచి మనిషికి ఎలా పాకుతుందో చూపించడానికి, మేడం తలా ఒక కాగితం ఇచ్చారు. ‘ఈ వారంలో అవసరం పడి ఎవరెవరి దగ్గరికి వెళ్ళారు?’ నేను రాయబోతుంటే, ఇంకా క్లాసుకు రాని పళ్ళ డాక్టరు ప్రొజెక్టర్ గది తాళం కోసం ఫోన్ చేశాడు. మాట్లాడి, ఖాళీ కాగితమే ఇచ్చేశాను. మేడం పేర్లు తీసేసి, మనుషులకు నంబర్లు వేసి, బోర్డు మీద గీతలు గీశారు. దాదాపు అన్నీ వెళ్ళి పద్నాలుగు మీదే పడ్డాయి.

“ఏం కనిపిస్తోంది?” అన్నారు మేడం.

పళ్ళ డాక్టరు లేచాడు. “పద్నాలుగు పడకేస్తే డిపార్ట్‌మెంటంతా పడకేస్తుంది మేడం. అసలు ఇంతమంది ఒక్కరి మీద ఎగబడటమేంటి, బుద్ధుండొద్దా? ముందు ఆ మనిషికి రెస్టివ్వాలి. పని పదిమందికీ పంచాలి.”

“పద్నాలుగు నుంచి బయటికి ఒక్క గీతా లేదు మేడం. పాపం, తనకేం అవసరాలుండవా?” అంది చిన్నది.

ఆ ‘పాపం’ నాకు ఎక్కడో తగిలింది. “పద్నాలుగు నేనే” అన్నాను.

పళ్ళ డాక్టరు జేబులోంచి తాళం తీశాడు. “నా దగ్గరే ఉంది అక్కా... పొద్దున్నించీ” అన్నాడు. ముందు నేనే నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది, కొంత నవ్వుకు, కొంత కాదు.

శుక్రవారం కొత్త కార్యవర్గం ఎన్నిక. ఆ బోర్డు చూసిన మనుషులే “మళ్ళీ అక్కే” అన్నారు. దారిలో సాకులు వెతుక్కుంటూ వచ్చాను: పాపకు బాగాలేదు, అత్తయ్యకు మోకాళ్ళు. మా ఇంట్లో ఆడది వద్దు అనాలంటే ఎవరికో ఒకరికి ఒంట్లో బాగాలేకపోవాలి. లేచి నిలబడ్డాక అవేవీ వాడబుద్ధి కాలేదు. “నేను ఉండను. నా థీసిస్ నేను రాసుకోవాలి” అన్నాను.

“మరి మా సంగతి?” అన్నారెవరో.

“మీరు ముప్ఫై మంది ఉన్నారు” అన్నాను.

సాయంత్రందాకా కొట్టుకుని పనులు పంచుకున్నారు. కప్పులు పళ్ళ డాక్టరు వంతు వచ్చాయి. ఇంట్లో చెబితే మా ఆయన “హమ్మయ్య, ఇక పెందలాడే వస్తావన్నమాట” అన్నాడు. “లేదు, లైబ్రరీలో ఉంటాను” అన్నాను. ఏదో అనబోయాడు. అత్తయ్య తలెత్తకుండా “గిన్నెలు అక్కడే ఉన్నాయి, వడ్డించుకోరా” అంది.

సోమవారం లైబ్రరీలో నా ఫోన్ పాడైందేమోనని రెండుసార్లు తీసి చూశాను. బాగానే ఉంది, మోగలేదంతే. కింద హాల్లో కొత్త కార్యవర్గం మొదటి మీటింగ్ జరిగింది. మైకు పనిచేయలేదట. అరుచుకుని మాట్లాడుకున్నారట. ఎవరూ చావలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ కబురు చెప్పిన చిన్నది వెళ్ళబోతూ ఆగింది. “అక్కా, నీకేమన్నా కావాలా?”

“ఏం వద్దమ్మా” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎవరడిగినా నేను చెప్పిన జవాబు అదొక్కటే. దాన్ని మింగేసి, పక్క కుర్చీలోంచి నా సంచి తీశాను.

“కావాలి” అన్నాను. “చాలా కావాలి. కూర్చో.”