ఓట్లనాడు తెరిచే బడి

ఎన్నికల డ్యూటీ చిత్రకు కొత్త కాదు. కోలారులో హైస్కూలు టీచరుగా చేరినప్పటి నుంచీ ప్రతి ఎన్నికకూ ఆమెకు పిలుపు వస్తూనే ఉంది. ఒకసారి టేకల్‌లో పడింది, ఇంకోసారి వేమగల్‌లో. ఎక్కడ పడినా ఆమె చేతికి వచ్చేది ఒకే పని. ఓటరు ఎడమ చేతి చూపుడు వేలు పట్టుకుని సిరా గుర్తు పెట్టడం. ముఖాలు చూసే తీరిక ఉండదు. సాయంత్రమయ్యేసరికి వేళ్లు తప్ప ఇంకేమీ గుర్తుండవు.

ఈసారి మే నెల ఎండలో, ఓటు యంత్రాలూ సామాన్లూ పంచే మైదానంలో నిలబడి తనకిచ్చిన ఉత్తర్వును ఆమె రెండుసార్లు చదివింది. కేజీఎఫ్, చాంపియన్ రీఫ్, గనుల బడి. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఆమె చదువుకున్న బడి అది.

"ఏమ్మా, దూరం పడిందా?" అని అడిగింది ప్రిసైడింగ్ ఆఫీసరు మునిరత్నమ్మ. శ్రీనివాసపురంలో తోటల శాఖలో ఉద్యోగం ఆమెది. మామిడికాయలు మండీకి దిగే రోజుల్లో ఎన్నికలు పెట్టారని పొద్దుటి నుంచీ విసుక్కుంటూ ఉంది.

"దూరమేం లేదు మేడమ్. మా ఊరే."

"మీ ఊరయితే మీకెట్ల వేసినారు డ్యూటీ?"

"ఇప్పుడు కాదు మేడమ్. ఒకప్పుడు."

బంగారు గనులు మూసేసిన ఏడాది చిత్ర నాన్న మృత్యుంజయ కంపెనీ క్వార్టర్సు ఖాళీ చేసి, ఇంటిల్లిపాదినీ కోలారుకు తీసుకొచ్చేశాడు. ఆయన గని ఆఫీసులో గుమాస్తా. ఆ ఏడాది అందరూ అట్లాగే చెదిరిపోయారు. ఎవరు ఎటు పోతున్నారో అడిగే ఓపిక ఎవరికీ లేదు, అడిగినా చెప్పడానికి చాలామందికి తెలియదు. ఆ తర్వాత చిత్ర రెండు మూడు పెళ్లిళ్లకు కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట దాకా వచ్చింది కానీ చాంపియన్ రీఫ్ వైపు మాత్రం పోలేదు. పోయి చూడటానికి ఏముందిలే అనుకునేది.

బస్సు, బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్కగా పోతుంటే బూడిదరంగు దుమ్ము లేచి కిటికీలోంచి ఒళ్లంతా కమ్మింది. మిగతావాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చిత్ర మాత్రం ఆ దుమ్ము వాసన కోసం గట్టిగా ఊపిరి పీల్చింది.

బడి మూతపడి చాలా ఏళ్లయింది. గని పోయాక పిల్లలు తగ్గిపోయారు, పిల్లలు పోయాక బడీ పోయింది. ఇప్పుడు ఆ గేటు తాళం తీసేది ఓట్లనాడే. ఈసారి అందరూ ఆడవాళ్లే పనిచేసే సఖి పోలింగ్ కేంద్రం కావడంతో ద్వారానికి గులాబీ రంగు గుడ్డ చుట్టి, బుడగలు కట్టారు. లోపల పావురాలు రెట్టలేసిన నేలను ఎవరో అప్పుడే కడుగుతున్నారు. ఆ గది ఏడో తరగతి. నల్లబల్ల అక్కడే ఉంది. కిటికీలోంచి, గనిలోకి దిగే షాఫ్టు మీది పెద్ద ఇనుప చక్రం కనిపించేది ఆ రోజుల్లో. అదీ అక్కడే ఉంది, తిరగడం లేదంతే.

"మేడమ్, తాగేదానికి నీళ్లు యాడ పెట్టాల?"

నేల కడుగుతున్నామె తలెత్తి అడిగింది. ఆశా కార్యకర్తల గులాబీ చీర, మెళ్లో సన్నని సిలువ గొలుసు. అడిగిన మనిషి జవాబు కోసం చూడకుండా చిత్ర ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

"చిత్రాన్నం... నువ్వేనా?"

ఇరవై ఏళ్లు దాటాక ఆ పేరు వినపడగానే చిత్ర చేతిలోని సంచి కింద పెట్టేసింది. ఆ పేరుతో ఆమెను పిలిచింది లోకంలో ఒక్కరే. పక్క బెంచీలో కూర్చున్న జూలియా.

"యాడికి పోయినావే ఇన్నేండ్లు?" అంది జూలియా, తడిచేతులతోనే ఆమె భుజాలు పట్టుకుని.

"కోలారే జూలీ. యాడికీ పోలేదు."

"కోలారా! ముప్పై కిలోమీటర్లు లేదు కదే!" జూలియాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అంతలోనే మునిరత్నమ్మ లోపలికొచ్చి బల్లలు ఎక్కడెక్కడ వేయాలో చెప్పడం మొదలుపెట్టింది.

మరుసటి రోజు తెల్లవారేసరికే గేటు బయట వరస కట్టింది. తాలూకా ఆఫీసు నుంచి వచ్చిన సామాన్లలో ఈసారి కొత్తగా ఒక స్టిక్కర్ల చుట్ట ఉంది. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దవి. మధ్యలో సిరా గుర్తున్న వేలు, చుట్టూ కన్నడంలో 'నాను మత హాకిద్దేనె' అని అక్షరాలు. ఓటేసి బయటికి పోయే ప్రతివారికీ ఒకటి అంటించాలట. ఆ పని మునిరత్నమ్మ జూలియాకు అప్పజెప్పి, బయటికి పోయే తలుపు దగ్గర నిలబెట్టింది. సిరాబుడ్డితో చిత్ర ఇటు, స్టిక్కర్లతో జూలియా అటు. మధ్యలో ఓటు యంత్రం పెట్టిన అట్టల మరుగు. ఒకే గదిలో ఉన్నా ఇద్దరికీ మాట్లాడుకునే వీల్లేదు. చిత్ర చేతిలోంచి వెళ్లిన మనిషి ఒక నిమిషంలో జూలియా చేతిలోకి చేరేవాడు.

మొదట్లో ముసలివాళ్లు ఆ స్టిక్కరు చూసి నవ్వారు. "ఏందమ్మా ఇది, బిస్కెట్ ప్యాకెట్ మీద అంటించేదా?" అన్నాడొకాయన. ఒకామె నుదుటి మీద పెట్టబోతే జూలియా ఆపి కొంగుకు అంటించింది. కాసేపట్లో బయట వరసలో ఉన్నవాళ్లు, "ఆ బొట్టు మాకూ ఇస్తారు కదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఓటేసినవాళ్లు ఇళ్లకు పోకుండా బడి ఆవరణలోనే గుంపులు గుంపులుగా నిలబడ్డారు. ఒకరి గుండె మీద స్టిక్కరు చూసి ఇంకొకరు దగ్గరికొచ్చి పేరు అడగడం, క్వార్టర్సులో ఏ లైను, ఎవరి కొడుకు అని ఆరా తీయడం, గట్టిగా నవ్వడం చిత్రకు లోపలికి వినిపిస్తూ ఉంది. సగం మంది ఇప్పుడు ఈ ఊళ్లో ఉండేవాళ్లు కారు.

ఫ్రాంక్లిన్ అట్లాగే వచ్చాడు. ఏడో తరగతిలో వాళ్లతో చదివినవాడు. బెంగళూరులో ఇల్లు కట్టుకున్నాడు. భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని మొదటి రైలుకే దిగాడు.

"ఓటు అక్కడికి మార్చుకోలేదా?" అని చిత్ర గొంతు తగ్గించి అడిగింది, వేలికి సిరా పెడుతూ.

"ఓటు గూడా మార్చేసుకుంటే ఇంగ ఈ ఊరితో మాకేం ఉండాది చిత్రా?" అన్నాడు ఫ్రాంక్లిన్. "ఈ గేటు తీసేది ఈ పొద్దే కదా."

ఇదే గదిలో వాళ్లు ముగ్గురూ ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డారు. క్లాసు లీడరు కోసం. తెలుగు చెప్పే కమలమ్మ టీచర్ హార్లిక్స్ డబ్బా మూతకు చీలిక కోసి దాన్ని ఓట్ల పెట్టె చేసింది. చీటీ వేసిన ప్రతి ఒక్కరి వేలికీ తన ఫౌంటెన్ పెన్నుతో ఒక చుక్క పెట్టింది. "ఎవరికి వేసినారో ఎవరికీ చెప్పకూడదు. మీ అమ్మకు గూడా" అని వేలు చూపించి మరీ చెప్పింది. ఆడపిల్లల ఓట్లు చిత్రకూ జూలియాకూ చీలిపోయి ఫ్రాంక్లిన్ గెలిచాడు. ఆ రోజు సాయంత్రం చిత్ర ఇంటికి పోయి వేలు పైకెత్తి చూపిస్తే, నాన్న గని ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నవాడు నిటారుగా నిలబడి సలాము కొట్టాడు.

పదకొండు దాటాక జూలియా నాన్న అంతోని వచ్చాడు. గని లోపల రాయి పగలగొట్టిన మనిషి. రెండు మెట్లెక్కి ఆగాడు, దగ్గాడు, మళ్లీ ఎక్కాడు. చిత్ర ఆయన చెయ్యి పట్టుకుంది. ఎంత పెద్ద చెయ్యి! చిన్నప్పుడు ఆ చేతుల్తోనే ఆయన ఇద్దరినీ సైకిలు ముందొకరినీ వెనకొకరినీ ఎక్కించేవాడు.

"మృత్యుంజయ సార్ పాపవి కదమ్మా నువ్వు? జూలీ చెప్పినాది. సార్ బాగుండారా?"

"బాగుండారు అంకుల్. చెవులే సరిగ్గా వినపడవు."

"నాకూ అంతే. నువ్వు బాగుండారు అన్నావని అనుకుంటా ఉండాను."

నవ్వు ఆపుకోలేకపోయింది చిత్ర. మునిరత్నమ్మ అక్కడి నుంచి, "చిత్రా, మాటలు వద్దు!" అంది. అంతోని మునిరత్నమ్మకు కూడా ఒక నమస్కారం పెట్టి ఓటు వేయడానికి పోయాడు. జూలియా ఆయన చొక్కా జేబు మీద స్టిక్కరు అంటించి, రెండుసార్లు తట్టి పంపింది.

ఎండ దిగాక, వరస పలచబడినప్పుడు, గేటు దగ్గర ఆటో ఆగింది. డ్రైవరు చెయ్యి పట్టుకుని ఒక ముసలమ్మ మెల్లగా దిగింది. తెల్లగా నెరిసిన జుట్టు, గంజి పెట్టిన నేత చీర, నల్లకళ్లద్దాలు. చిత్ర చేతిలోని సిరా పుల్ల గాలిలోనే ఆగిపోయింది. కమలమ్మ టీచర్.

"అమ్మా, ఎనభై దాటినవాళ్లకు ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారే, మీ ఇంటికి రాలేదా?" అని మునిరత్నమ్మ ఎదురు పోయి అడిగింది.

"అడిగేదానికి వచ్చినారమ్మా. నేనే వద్దన్నాను. ఓటు ఇంటికే వస్తే, ఇంగ నేను బడి యాడ చూసేది?"

ఆమెకు చూపు పోయి నాలుగేళ్లు. ఆ సంగతి తెలిసి మునిరత్నమ్మ గొంతు మెత్తబడింది. "మీరు నమ్మినవాళ్లు ఒకరు తోడొచ్చి మీరు చెప్పిన బటన్ నొక్కొచ్చమ్మా. ఎవరిని పిలుచుకుంటారు?"

"జూలియా ఉండాది కదా. దాని గొంతు గేటు దాకా వినపడతా ఉంటే ఇంకెవరిని పిలవాల?"

జూలియా సిబ్బంది కాదు, సాయానికి వచ్చిన మనిషి, పైగా ఈ బూత్ ఓటరే. మునిరత్నమ్మ సరేనంది. జూలియానే వెనకాడింది. "టీచర్, మీ పార్టీ వేరు, మా పార్టీ వేరు అయితే?"

"అయితే ఏం? నేను చెప్పింది నొక్కు. బయటికొచ్చి మర్చిపో. అదే కదా మీకు నేర్పించినాను."

చిత్ర బల్ల దగ్గరికి వచ్చారు. నియమం ప్రకారం టీచర్ ఎడమ చూపుడు వేలికి, తోడొచ్చిన జూలియా కుడి చూపుడు వేలికి సిరా పెట్టాలి. చిత్ర టీచర్ వేలు పట్టుకుంది. పలకరిస్తే ఏడుపొస్తుందని భయమేసి నోరు మూసుకునే గుర్తు పెట్టింది. ఇద్దరూ అట్టల మరుగుకు పోయారు. యంత్రం కూత పెట్టింది. జూలియా టీచర్‌ను తలుపు దగ్గరికి నడిపించి, స్టిక్కరు ఒలిచి ఆమె భుజం కిందుగా చీరకు అంటించింది.

టీచర్ వేలితో దాని అంచు తడిమింది. "ఏమి రాసినారు పాపా దీని మీద?"

"నాను మత హాకిద్దేనె అని టీచర్."

"కన్నడం సరే. తెలుగులో చెప్పు."

జూలియా చిత్ర వైపు చూసింది. చిత్ర బల్ల దగ్గరి నుంచే, క్లాసులో లేచి నిలబడినట్టు లేచి నిలబడి, "నేను ఓటు వేశాను, టీచర్" అంది.

టీచర్ తల చటుక్కున ఇటు తిరిగింది. "ఎవరది? 'శ' అంత నిదానంగా పలికేది... చిత్ర కదూ? మృత్యుంజయ కూతురు?"

"అవును టీచర్."

"ఇందాక నా వేలు పట్టుకున్నది నువ్వేనా? పట్టుకుని నోరు మెదపలేదా!"

మునిరత్నమ్మ ఈసారి మాటలు వద్దనలేదు. వరసలో ఎవరూ లేరు. తనే టీచర్‌కు కుర్చీ తెచ్చి వేసి, నీళ్లిచ్చింది. టీచర్ కూర్చోలేదు. జూలియా చేతిని ఆసరా చేసుకుని నల్లబల్ల దాకా నడిచింది. దాని కింది అంచున సుద్దముక్కలు పెట్టే చోటును ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చేత్తో తుడిచింది. వేళ్లకంటిన దుమ్మును చూడలేకపోయినా రెండు వేళ్ల మధ్య నలిపి చూసుకుంది.

"నువ్వేసినావా ఓటు?" అంది చిత్రతో.

"డ్యూటీ వాళ్లకు పోస్టులోనే టీచర్. ముందే వేసేసినాను. సిరా ఏం పెట్టరు."

"అయితే దీనికీ ఒకటి అంటించు జూలియా. పొద్దుటి నుంచీ అందరికీ గుర్తు పెట్టి తను ఊరికే కూర్చోనుండాది."

మునిరత్నమ్మ నవ్వి ముఖం అటు తిప్పుకుంది. జూలియా వచ్చి చిత్ర భుజం మీద స్టిక్కరు పెట్టి గట్టిగా నొక్కింది.

టీచర్ ఆటో ఎక్కేముందు చిత్ర చెయ్యి వెతికి పట్టుకుంది. "నా ఇల్లు ఆండర్సన్‌పేటలో ఉండాది. జూలియా వారానికొకసారి వచ్చి నా బీపీ చూసి పోతుంది. నువ్వు ఓట్లకే రావాల్నా?"

చిత్ర ఆమెను ఆటో ఎక్కించి, చీర కొంగు లోపలికి సర్దింది. ఆటో వెళ్లేదాకా నిలబడింది.

పోలింగు ముగిసి, యంత్రాలకు సీళ్లు వేసి, కాగితాల మీద సంతకాలన్నీ అయ్యేసరికి బస్సు వచ్చి హారను కొట్టింది. ఇద్దరికీ దొరికింది ఆ కాసేపే. వరండా మెట్ల మీద కూర్చుని జూలియా తెచ్చిన అన్నం తిన్నారు. ఇరవై ఏళ్ల మాటలు ఉన్నాయి కానీ వాళ్లు మాట్లాడుకున్నది ఊరగాయ గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ. ఫోను నంబర్లు రాసుకున్నారు. వాచ్‌మన్ గేటుకు తాళం వేయడం బస్సులోంచి చిత్ర చూసింది.

ఇంటికి పోయాక ఆమె నాన్నకు జరిగిందంతా చెవి దగ్గర గట్టిగా చెప్పింది. అంతోని పేరు చెప్పినప్పుడు ఆయన మళ్లీ చెప్పమన్నాడు. వినపడక కాదు.

జూలైలో ఒక ఆదివారం చిత్ర నాన్నను తీసుకుని కేజీఎఫ్ బస్సెక్కింది. ఆండర్సన్‌పేటలో టీచర్ ఇంటికి పోయేసరికి జూలియా, అంతోని అక్కడే ఉన్నారు. అడుగుల చప్పుడు విని టీచర్ లోపలి నుంచే, "ఈ పొద్దు ఓట్లేమన్నా ఉండాయా పాపా, ఇట్లొచ్చినారు?" అంది.

"లేవు టీచర్, ఊరికే వచ్చినాము" అంది చిత్ర.

వరండాలో మృత్యుంజయ, అంతోని అప్పటికే పక్కపక్కన కూర్చున్నారు. పొద్దుటి షిఫ్టు సైరను ఎన్నింటికి మోగేదో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఒకటి చెబుతూ, వీధిలో పోయేవాళ్లు తిరిగి చూసేటంత గట్టిగా వాదించుకుంటున్నారు.